మా బడిలో ఒకటో తరగతిని ఆపకండి: మేత్రాసన విద్యా విభాగానికి, పాఠశాల విద్యాశాఖ అధికారులకు బహిరంగ లేఖ

పూజ్యులైన మేత్రాసన (డయోసిస్) విద్యా విభాగం వారికి, ఆర్.సి.ఎం. పాఠశాలల మేనేజరు ఫాదర్ గారికి, మా బడి కరస్పాండెంట్ ఫాదర్ గారికి, జిల్లా విద్యాశాఖాధికారి గారికి, మండల విద్యాశాఖాధికారి గారికి,

వందనములు.

మిరప, పత్తి పండే మెట్ట ప్రాంతంలో, ఒక ఊరి కథోలిక గుడి (చర్చి) ఆవరణలో ఉన్న ఆర్.సి.ఎం. (రోమన్ కథోలిక్ మిషన్) ఎయిడెడ్, అంటే ప్రభుత్వ సహాయంతో నడిచే, ప్రాథమిక పాఠశాలలో చదువుతున్న పిల్లల తల్లిదండ్రులం, ఒకప్పుడు అక్కడే చదువుకున్నవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. అందరి తరఫునా కలం పట్టిన నేను ఆ బడిలో ఐదో తరగతి వరకు చదివాను; నా కూతురు ఇప్పుడు అక్కడే మూడో తరగతి చదువుతోంది. ఊరి పేరు గానీ, బడి పేరు గానీ, ఏ ఒక్కరి పేరు గానీ ఇందులో రాయడం లేదు. ఎవరినీ నలుగురిలో నిలబెట్టాలన్నది మా ఉద్దేశం కాదు. మా బడి ఏదో మీకు తెలుసు, మా ఉత్తరాలు మీ దగ్గరే ఉన్నాయి. వాటికి జవాబు రాకపోవడం వల్లనే, బడి సంవత్సరం ముగియడానికి కొద్ది వారాలే మిగిలిన ఈ సమయంలో, నలుగురూ చదివేలా రాయవలసి వచ్చింది.

ముందుగా జరిగింది జరిగినట్టు చెబుతాం. గత నవంబరులో ఒక ఆదివారం, బలిపూజ (ఆదివారపు ఆరాధన) ముగిశాక చదివే ప్రకటనల్లో, వచ్చే జూన్ నుంచి బడిలో మార్పులు ఉంటాయని తెలియజేశారు. ఒకటో తరగతిలో ఇకపై ఎయిడెడ్ ప్రవేశాలు ఉండవని, పాత పెంకుల బడి తీసేసి ఆటస్థలంలో మేడ కట్టి ఫీజులతో నడిచే ఇంగ్లీషు మీడియం పాఠశాల పెడతారని, రోడ్డు వైపు స్థలంలో దుకాణాలు కట్టి అద్దెకిస్తారని అన్నారు. ఈ మాటలన్నీ రెండు నిమిషాల్లో అయిపోయాయి. బడి నోటీసు బోర్డు మీద ఏ కాగితమూ పెట్టలేదు. ఆ ఆదివారం గుడికి రాని వాళ్లకు, అంటే బడిలో ఉన్న హిందూ, ముస్లిం పిల్లల తల్లిదండ్రులకు, ఈ సంగతి మా నోటి ద్వారానే తెలిసింది. తమ బిడ్డ చదివే బడి గురించి తెలుసుకునే హక్కు వాళ్లకూ మాతో సమానంగా ఉంది కదా అన్న మాట ఆనాటి నుంచి మా మనసుల్లో మెదులుతూనే ఉంది.

డిసెంబరు మొదటి వారంలో కరస్పాండెంట్ ఫాదర్ గారికి వివరాలు కోరుతూ లేఖ ఇచ్చాం. సంక్రాంతి సెలవులయ్యాక, సంతకాలు, వేలిముద్రలతో రెండో లేఖను మేత్రాసన విద్యా విభాగానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. ఫిబ్రవరిలో పదకొండు మందిమి ఒకరోజు కూలి మానుకొని, ఆటో మాట్లాడుకొని, మేత్రాసన కార్యాలయానికి స్వయంగా వెళ్లాం. ఆ రోజు ఫాదర్ గారు ఊళ్లో లేరు. గుమస్తా గారు మా అర్జీ తీసుకొని, అందినట్టు సంతకం చేసి ఇచ్చారు. తిరిగి వచ్చే దారిలో మండల విద్యాశాఖ కార్యాలయంలో విచారిస్తే, తరగతులు ఎత్తివేసే ప్రతిపాదన ఏదీ యాజమాన్యం నుంచి తమకు రాలేదన్నారు. గుడిలో ప్రకటించిన నిర్ణయం ప్రభుత్వ కార్యాలయానికి చేరకపోవడం ఏమిటో మాకు అర్థం కాలేదు. ఇవాళ్టి వరకు మూడు అర్జీల్లో ఒక్కదానికీ సమాధానం లేదు.

ఇక బడి సంగతి. ఇది 1951లో రెండు గదులతో మొదలైందని మా పెద్దలు చెబుతారు. స్థలం ఊరి రైతు ఒకాయన ఇచ్చాడని, గోడలకు రాళ్లు మోసింది పల్లెలోని ఆడవాళ్లేనని మా అమ్మమ్మ చెప్పేది. ఆ మోసినవాళ్లలో వాళ్లమ్మ ఉంది. మా అమ్మమ్మ మా ఇంటి నుంచి పలక పట్టిన మొదటి మనిషి. బడి బీరువాలో ఉన్న పాత అడ్మిషన్ రిజిస్టరులో ఆమె పేరుంది, ఎదురుగా తండ్రి వేలిముద్ర ఉంది, పుట్టిన తేదీ దగ్గర జూలై ఒకటి అని ఉంది. ఆ పేజీలో ఉన్న పిల్లలు దాదాపు అందరూ జూలై ఒకటినే పుట్టినట్టు రాశారు. తేదీలు ఎవరికీ తెలియని రోజుల్లో, వయసు చూసి అయ్యవారు వేసిన అంకె అది. ఆమె మూడో తరగతితో ఆగిపోయింది. నేను డిగ్రీ చదివాను.

ఆ బడిలో రోజు ఎలా గడుస్తుందో అధికారులు కూడా తెలుసుకోవాలని నా కోరిక. ఉదయం ప్రేయరులో పరలోక జపం, దాని వెంటనే ప్రతిజ్ఞ ఉంటాయి. మొదటి పీరియడులో కథోలిక పిల్లలు సత్యోపదేశానికి (మతబోధకు) సిస్టర్ గారి దగ్గరకు వెళ్తే, మిగిలిన పిల్లలు పక్క గదిలో నీతి పాఠం చదువుకుంటారు. ప్రభుత్వ సహాయం పొందే బడిలో మతబోధకు ఎవరినీ బలవంతం చేయరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. మా బడిలో ఆ మాట ఎవరూ గుర్తు చేయవలసిన అవసరం ఏనాడూ రాలేదు. డిసెంబరులో క్రిస్మస్ పశువుల పాక కట్టడానికి వరిగడ్డి తెచ్చేది యాదవుల పిల్లలు. సంక్రాంతి ముందు ముగ్గుల పోటీ పెట్టేది సిస్టర్ గారు. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్న పిల్ల భోజనాల వేళ ఒంటరిగా కూర్చోకుండా, ఆమెను గ్రంథాలయం బీరువా దగ్గరకు తీసుకెళ్లి పుస్తకాలు సర్దించే టీచరమ్మను నేను చూశాను. ఊరంతా ఒకే వరసలో కూర్చుని అన్నం తినే చోటు మా ఊళ్లో ఆ వరండా ఒక్కటే. అలాంటి చోటు ఇంకొకటి ఉందని మీరు చూపగలిగితే మేము ఇంత పట్టుబట్టి అడగం.

బడికి కష్టాలు లేవని మేము అనడం లేదు. ఒకప్పుడు నాలుగు ఎయిడెడ్ పోస్టులు ఉండేవి. పదవీ విరమణ చేసినవారి స్థానంలో కొత్తవారిని వేయకపోవడంతో ఇప్పుడు ఒక్క హెచ్.ఎం. గారు మిగిలారు, మిగతా తరగతులను యాజమాన్యం తక్కువ జీతానికి పెట్టుకున్న ఇద్దరు టీచరమ్మలు, కాన్వెంటు సిస్టర్ గారు చూస్తున్నారు. ఎయిడెడ్ పోస్టుల్లో ఏళ్ల తరబడి నియామకాలు లేకపోవడం ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతటా ఉన్న సమస్య. అది ప్రభుత్వం చేసిన లోటు. ఆ భారం యాజమాన్యం మీద పడిందని మాకు తెలుసు. పెంకులు జారి వర్షాకాలంలో రెండో గది కురుస్తుంది. నాడు-నేడు పనులు ప్రభుత్వ బడులకే గానీ మా బడి గడప తొక్కలేదు. కాబట్టి కొత్త భవనం కావాలన్న మీ ఆలోచనను మేము కాదనడం లేదు. అది ఎవరి కోసం కడుతున్నారన్నదే మా ప్రశ్న.

ఈ నిర్ణయం అమలైతే మా ఇళ్లలో ఏం జరుగుతుందో వరుసగా రాస్తున్నాం.

1. ఒకటో తరగతి ఆగితే నాలుగేళ్లలో బడి దానంతట అదే ఖాళీ అవుతుంది. ఇప్పుడున్న పిల్లలను పంపించడం లేదని మీరు చెప్పవచ్చు, అది నిజమే కావచ్చు. కానీ అన్న ఐదో తరగతిలో ఇక్కడ, చెల్లెలు ఒకటో తరగతిలో మరో ఊళ్లో చదవలేరు. ఇద్దరినీ కలిపి మార్చేస్తారు. అప్పుడు పిల్లలు లేరన్న కారణం దానంతట అదే తయారవుతుంది.

2. మాకు దగ్గరలోని మండల పరిషత్ బడి రహదారికి అవతల రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు కిలోమీటరు నడకదూరంలో బడి ఉండాలన్నది విద్యాహక్కు చట్టం కింద పెట్టుకున్న నియమం. దూరం పెరిగితే ఏమవుతుందో మన రాష్ట్రం ఇటీవలే చూసింది. 2022లో జీవో 117 కింద మూడు, నాలుగు, ఐదు తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించినప్పుడు ఎన్ని ఊళ్లలో తల్లిదండ్రులు బడుల ముందు కూర్చున్నారో విద్యాశాఖ వారికి తెలుసు. చివరకు 2025లో ప్రభుత్వమే ఆ విధానాన్ని వెనక్కి తీసుకుంది. ఎనిమిదేళ్ల పిల్లలకు దూరమైనది ఐదేళ్ల పిల్లలకు ఎలా దగ్గరవుతుంది? లారీలు ఆగకుండా పోయే ఆ రోడ్డు దాటడానికి సిగ్నలు లేదు, పైవంతెన లేదు.

3. మధ్యాహ్న భోజనం పోతుంది. ఈ పథకం ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకే వర్తిస్తుంది. ఫీజులతో నడిచే ప్రైవేటు బడికి వర్తించదు. ప్రాథమిక తరగతుల పిల్లకు పూటకు కనీసం 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది కేంద్రం పెట్టిన ప్రమాణం. ఈ అంకెలకు మా ఇళ్లలో ఉన్న అర్థం వేరు. జనవరి చివర్లో మిరప కోతలు మొదలైతే, ఉదయం ఆరు గంటలకే ఆటోలు వచ్చి కూలీలను ఎక్కించుకుపోతాయి. అప్పటికి వంట అయితే అయినట్టు, లేకపోతే రాత్రి అన్నంలో నీళ్లు పోసి పిల్లకు పెట్టి వెళ్తాం. ఆ పిల్ల మళ్లీ వేడి అన్నం తినేది బడిలో పన్నెండున్నరకే. అన్నం, పప్పు, గుడ్డు, చిక్కీ, ఉదయం రాగి జావ. సాయంత్రం మేము తిరిగి వచ్చాక కూడా వెంటనే బిడ్డను దగ్గరకు తీసుకోలేం. పొద్దస్తమానం మిరపకాయ కోసిన చేతులు ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా మంట పోదు. ఆ చేత్తో పిల్ల ముఖం తుడిస్తే కళ్లు మండి ఏడుస్తుంది. కొబ్బరి నూనె రాసుకొని, పిండితో రుద్దుకొని, గంటసేపు ఆగాకే అన్నం కలిపి పెడతాం. కోతలు సాగే ఆ రెండు మూడు నెలలూ మా పిల్లల కడుపు చూసుకునేది బడే. భోజనం లేని బడికి వెళ్లే పిల్ల ఆ నెలల్లో తల్లితో పాటు చేలోకి వస్తుంది. నా చిన్నప్పుడు నాతో చదివిన ముగ్గురు ఆడపిల్లలు అలాగే వెళ్లి తిరిగి బడికి రాలేదు.

4. ఫీజు ఎంతో ఇంకా చెప్పలేదు. "తల్లికి వందనం డబ్బు వస్తోంది కదా" అని ఒకరిద్దరు అన్నారు. ఆ పథకం కింద తల్లి ఖాతాలో పడేది 13,000 రూపాయలు. ఫీజుతో పాటు యూనిఫారం, బూట్లు, పుస్తకాలు, రోజూ మధ్యాహ్నం క్యారియరు అన్నీ మామీద పడతాయి. వీటిలో చాలావరకు ఇప్పుడు ఎయిడెడ్ బడి కావడం వల్ల ఉచితంగా అందుతున్నాయి. పథకాలు ప్రభుత్వాలతో పాటు మారతాయి, పేర్లు మారతాయి, కొన్ని ఆగిపోతాయి. ఆ డబ్బును నమ్ముకొని బిడ్డను ఫీజుల బడిలో వేసిన తల్లి, అది ఆగిన ఏడాది టీసీ కోసం బాకీ కట్టవలసి వస్తుంది.

5. ఇంగ్లీషు మాకు వద్దని ఎవరూ అనుకోవద్దు. మా పిల్లలు ఇంగ్లీషు నేర్చుకోవాలని మాకున్నంత ఆశ మరెవరికీ ఉండదు. 2020–21 నుంచి మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలు ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషుతో వస్తున్నాయి. నా కూతురు గణితం లెక్క ఇంగ్లీషులో చదివి, అర్థం కాకపోతే పక్క పేజీకి వెళ్లి తెలుగులో చూసుకొని, మళ్లీ వెనక్కి వస్తుంది. పుస్తకం మీద వేలు అటూ ఇటూ తిరుగుతుంది. ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్లకు ఆ తెలుగు పేజీయే ట్యూషను. వీలైనంతవరకు మాతృభాషలోనే బోధన ఉండాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షను చెబుతుంది, కనీసం ఐదో తరగతి వరకు వీలున్నచోటల్లా అలాగే ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతుంది. ఫీజు బడి పెట్టడానికి ఇంగ్లీషును కారణంగా చూపవలసిన అవసరం లేదని మా మనవి.

6. రిజిస్టర్లు ఏమవుతాయి? ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. స్థానికత నిరూపించుకోవడానికి నాలుగో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు కావాలి. పింఛను దరఖాస్తులో వయసు తేడా వస్తే, కుల ధ్రువీకరణలో సందేహం వస్తే, ముసలివాళ్లు కర్ర పొడుచుకుంటూ వచ్చేది ఈ బీరువా దగ్గరకే. మా పల్లెల్లో చాలామందికి తాము ఫలానా అని చెప్పే మొట్టమొదటి కాగితం బడి రిజిస్టరే. బడి మూతపడ్డ పక్క ఊళ్లో ఒకాయన తన రికార్డు కోసం మూడు కార్యాలయాల చుట్టూ ఏడాది తిరిగాడు.

7. ఆటస్థలం పోతుంది. రోడ్డు వైపు దుకాణాలు, లోపల మేడ కట్టాక మిగిలేది ప్రేయరుకు నిలబడేంత చోటు.

ఇప్పుడు చట్టం గురించి, శ్రీసభ (కథోలిక చర్చి) మాటల గురించి కొంచెం రాయాలి. మాకు తెలియక అడుగుతున్నామని ఎవరూ అనుకోకూడదు.

మైనారిటీలు తమకు నచ్చిన విద్యాసంస్థలు స్థాపించుకొని నడుపుకునే హక్కు రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చింది. సహాయం ఇచ్చేటప్పుడు మైనారిటీ యాజమాన్యమని వివక్ష చూపరాదని కూడా అదే అధికరణం ప్రభుత్వాన్ని ఆదేశించింది. విద్యాహక్కు చట్టం మైనారిటీ బడులకు, అవి ఎయిడెడ్ అయినా సరే, వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. 2025 సెప్టెంబరులో మరో ధర్మాసనం ఆ తీర్పును పునఃపరిశీలించవలసి ఉందని భావించి విస్తృత ధర్మాసనానికి నివేదించింది. కనుక ఆ చట్టం చూపించి యాజమాన్యాన్ని కట్టడి చేయాలన్నది మా ఉద్దేశం కాదు. క్రైస్తవులుగా 30వ అధికరణం మాకూ ప్రాణమే. అయితే ఆ హక్కు ఒక సముదాయానికి ఇచ్చినది. ఆ సముదాయంలో మేత్రాసన కార్యాలయం ఎంత భాగమో, మిరప చేలో వంగి పని చేస్తున్న తల్లి కూడా అంతే భాగం. ఇక ప్రభుత్వం విషయానికొస్తే, బడి ఎవరిదైనా, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత విద్య అందించే బాధ్యత 21ఏ అధికరణం దానిమీదే పెట్టింది. బడిలో ఒకటో తరగతి ఆగిపోతుంటే, మాకు ప్రతిపాదన రాలేదు అన్న మాటతో ఆ బాధ్యత తీరిపోదు.

2021లో జరిగింది మనందరికీ గుర్తుంది. ఎయిడెడ్ సంస్థలను ఆస్తులతో సహా అప్పగించడమో, సిబ్బందిని అప్పగించి ప్రైవేటుగా నడుపుకోవడమో తేల్చుకోమని ప్రభుత్వం యాజమాన్యాలను అడిగింది. విద్యార్థులు, తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చాక, ఆ ఏడాది నవంబరులో, ఇష్టమైతే ఎయిడెడ్‌గానే కొనసాగవచ్చని, ముందిచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చని వెసులుబాటు ఇచ్చింది. ఆ రోజుల్లో మేమూ గుడి మెట్ల మీద కూర్చొని, బడిని కాపాడమని జపమాల చెప్పుకున్నాం. అప్పుడు యాజమాన్యం బడిని ఎయిడెడ్‌గానే ఉంచింది. ఆ రోజు మీరు మాతో నిలబడ్డారు కనుకనే ఈ రోజు మిమ్మల్ని అడుగుతున్నాం.

శ్రీసభ ధర్మశాస్త్రం 796వ సూత్రం, ఉపాధ్యాయులు తల్లిదండ్రులతో కలిసి పనిచేయాలని, వారి మాటలు మనస్ఫూర్తిగా వినాలని, తల్లిదండ్రుల సంఘాలు లేదా సమావేశాలు ఏర్పాటు చేసి వాటికి గౌరవం ఇవ్వాలని చెబుతుంది. రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న విడుదల చేసిన విద్యా ప్రకటన, పిల్లలకు తొలి గురువులు తల్లిదండ్రులేనని అంటూ, లోకపు సంపదలో పేదలైనవారి అవసరాలను, విశ్వాస వరం పొందనివారి అవసరాలను కూడా ప్రత్యేకంగా పట్టించుకోమని కాపరులను కోరింది. భారత కథోలిక పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య 2007 విద్యా విధానం పేదలకు, దళితులకు, అట్టడుగున ఉన్నవారికి ప్రాధాన్యం ఇవ్వాలన్నది. 2021 నుంచి 2024 వరకు ఫ్రాన్సిస్ పోపుగారు నడిపిన సినడ్ (శ్రీసభ సంప్రదింపుల సభ) సారమంతా ఒకరినొకరు వినడమే. ఆ సినడ్ కోసం మా విచారణలో (మా గుడి పరిధిలో) కూడా ఇంటింటికీ ప్రశ్నలు పంపారు. శ్రీసభ నుంచి ఏం కోరుకుంటున్నారని అడిగితే మా అమ్మ రాయించిన జవాబు "బడి బాగుండాలి" అని. మీ కాగితాల్లో అది ఎక్కడో ఉండే ఉంటుంది.

మేము చేయగలిగినది కూడా చెబుతాం. పూర్వ విద్యార్థుల్లో తాపీ మేస్త్రీలు, ఎలక్ట్రీషియన్లు, ఇద్దరు సివిల్ ఇంజనీర్లు, హైదరాబాదులోనూ గల్ఫులోనూ ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు ఉన్నారు. 2026తో బడికి 75 ఏళ్లు నిండుతున్నాయి. ఆ పండుగకు స్టేజీ, సౌండు, ఫ్లెక్సీలు, విందు అన్న ఖర్చులు తగ్గించి, ఆ సొమ్ముతో ముందు రెండో గది పైకప్పు వేయిద్దామని సమావేశమై అనుకున్నాం. ఇటుక, ఇసుక ఊరు ఇస్తుంది. కూలి లేకుండా పని చేయడానికి మనుషులు పేర్లు ఇచ్చారు. ఆ జాబితా రెండో లేఖకు జతచేసి ఉంది. ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్ల ట్యాంకు పెట్టించే బాధ్యత 1998 బ్యాచ్ తీసుకుంది. మేడ కట్టేందుకు నిధులు తెచ్చే శక్తి మాకు లేదు. ఉన్న బడిని నిలబెట్టే శక్తి మాత్రం ఉంది.

మా అభ్యర్థనలు ఇవి:

1. జూన్ 12న బడులు తెరిచేనాటికి మా బడిలో ఒకటో తరగతి ఎయిడెడ్ ప్రవేశాలు ఎప్పటిలాగే జరుగుతాయని ఏప్రిల్ 15లోగా రాతపూర్వకంగా తెలియజేయాలి. పిల్లలను ఎక్కడ చేర్చాలో తేల్చుకోవడానికి తల్లులకు మిగిలే సమయం ఆ తరువాతి వారాలే.

2. భవన ప్రణాళిక, ఫీజుల బడి ప్రతిపాదన, దుకాణాల ప్రతిపాదనల నకళ్లను బడి నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టాలి. వేసవి సెలవులకు ముందే, అన్ని మతాల తల్లిదండ్రులనూ పిలిచి, సాయంత్రం ఏడు గంటల తరువాత సమావేశం పెట్టాలి. పగలు పెడితే కూలికి వెళ్లినవాళ్లు రాలేరు.

3. స్థలం దానం చేసినప్పటి దస్తావేజు నకలు చూపించాలి. బడి కోసమని రాసి ఇచ్చిన స్థలమైతే అందులో దుకాణాలు కట్టే ఆలోచన మానుకోవాలి.

4. ఇంగ్లీషు మీడియం పాఠశాల పెట్టి తీరాలనుకుంటే, దాన్ని ఎయిడెడ్ బడికి పక్కన పెట్టండి, దాని స్థానంలో పెట్టకండి. ఆ పాఠశాల ఆదాయంలో ఒక భాగాన్ని ఎయిడెడ్ బడి టీచరమ్మల జీతాలకు కేటాయించండి. ఆ ఇద్దరూ ఇప్పుడు తీసుకుంటున్న జీతం మిరప కూలి కంటే తక్కువ.

5. జిల్లా విద్యాశాఖాధికారి గారు యాజమాన్యం నుంచి వివరణ తెప్పించుకోవాలి. అనుమతి లేకుండా ఏ తరగతినీ ఆపకుండా చూడాలి. ఖాళీ అయిన ఎయిడెడ్ పోస్టుల భర్తీకి ప్రభుత్వానికి నివేదిక పంపాలి; అప్పటివరకు కనీసం ఒక విద్యా వాలంటీరునైనా ఇవ్వాలి. అరవై మందికి మించి పిల్లలున్న ప్రాథమిక బడికి ముగ్గురు ఉపాధ్యాయులు ఉండాలని విద్యాహక్కు చట్టం అనుబంధంలోనే ఉంది. మా బడిలో పిల్లలు డెబ్బైకి పైనే ఉన్నారు.

6. 1951 నుంచి ఉన్న అడ్మిషన్ రిజిస్టర్లను స్కాన్ చేయించి, ఒక ప్రతిని బడిలో, ఒక ప్రతిని మండల విద్యాశాఖ కార్యాలయంలో భద్రపరచాలి. దీనికయ్యే ఖర్చు పూర్వ విద్యార్థులం భరిస్తాం. చెదలు ఇప్పటికే రెండో పుస్తకం అంచుకు వచ్చాయి, కాబట్టి ఈ ఒక్క పనికైనా సమావేశం దాకా ఆగకుండా అనుమతి ఇవ్వండి.

పవిత్ర వారం, పాస్కా (ఈస్టరు) పండుగ పనుల్లో ఫాదర్ గారు తీరిక లేకుండా ఉంటారని తెలుసు. పాస్కా తరువాత వచ్చే వారంలో ఏ రోజైనా, ఏ సాయంత్రమైనా, మీరు చెప్పిన చోటికి మేము వస్తాం. మీరే మా బడికి వస్తే ఇంకా సంతోషం. మధ్యాహ్నం పన్నెండున్నరకు వస్తే పిల్లలతో పాటు వరండాలో కూర్చొని భోజనం చేయవచ్చు.

ఇట్లు,
విధేయులు,
తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థుల తరఫున
ఒక మూడో తరగతి పిల్ల తల్లి